మైకు దగ్గర విడిచిన బూట్లు

అమ్మ తన అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి కమ్మింగ్ అనే ఊళ్ళో మా ఇంటికి వచ్చేసిన వారం, ఆమె బట్టల అలమర అడుగున ఒక అట్టపెట్టె దొరికింది. మూత తీస్తే లోపల నల్ల తోలు బూట్ల జత. ముక్కుల్లో కుక్కిన కాగితం ఉండలు కుక్కినట్టే ఉన్నాయి. అడుగు పెద్దగా అరగనే లేదు. పెట్టెలోంచి కొబ్బరినూనె, డ్రయర్‌లో బట్టలతో వేసే సెంటు కాగితం, ఆ రెండూ కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన ప్రపంచంలో మరెక్కడా ఉండదు, మా పాత ఇంటి బట్టలుతికే గదిలో తప్ప. నేను అలాగే నేల మీద చతికిలబడ్డాను. అమ్మ గుమ్మంలోంచి చూసి, "పారేస్తావేంటే కొంపదీసి? మామయ్యగారివి అవి" అంది. పారేసే ఉద్దేశం నాకెక్కడిది! కళ్ళద్దాలు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంటున్నాను, నేను చీర కట్టుకోలేదన్న సంగతి మరిచిపోయి.

ఆ వారంలోనే మాధవి ఫోన్ చేసింది. చిన్నప్పటి నుంచీ నాకున్న ఒకే ఒక్క ప్రాణస్నేహితురాలు. ఇప్పుడు రెండు కౌంటీల అవతల పిల్లల పళ్ళ డాక్టరు. "కరుణా, మా టెంపుల్ వాళ్ళకి స్కూల్ బోర్డు మీటింగ్‌లో ప్రేయర్ చేసే టర్న్ వచ్చింది. నన్నే చెయ్యమంటున్నరు. నువ్వు రావాలె" అంది. గొంతులో ఉన్నది సంతోషమో దిగులో నాకు అంతు పట్టలేదు. "ఎవరూ, నువ్వా?" అన్నాను. ఇద్దరం ఒక్కసారే నవ్వాం. ఆ నవ్వు వెనక ఏముందో చెప్పాలంటే మా తాతయ్య గురించి చెప్పాలి.

నా చిన్నప్పుడు మేము ఇక్కడికి ఉత్తరాన, కొండల దగ్గర, తివాచీల మిల్లులున్న ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్నకి మిల్లులో ఉద్యోగం, అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్నని కన్న తాతయ్య దేవదానం గారు, గోదావరి కాలవ గట్ల వెంట ఊరూరా నడిచి బైబిలు వాక్యం చెప్పిన బోధకుడు. మా నాయనమ్మ పోయాక నాన్న ఆయన్ని తెచ్చేసుకున్నాడు. తాతయ్య ప్రార్థన చేస్తే పాకలో గొడ్లు కూడా నెమరు ఆపి వినేవని నాయనమ్మ అనేదట. ఆవిడకి మొగుడంటే అంత నమ్మకం. గొడ్ల సంగతి నాకు తెలియదు గానీ, ఆయన గొంతు మాత్రం పెద్ద జాడీలోంచి వచ్చినట్టు నిండుగా, నెమ్మదిగా వచ్చేది. ఏ మాటా తోసుకుంటూ వచ్చేది కాదు.

ఆ ఇంట్లో ఆయన ప్రార్థన గది బట్టలుతికే గది. తలుపు వేసుకోవడానికి వీలుండి, చలికాలంలో వెచ్చగా ఉండేది అదొక్కటే. అమ్మ నైట్ డ్యూటీ నుంచి వచ్చి యూనిఫాంలు డ్రయర్‌లో వేసి పడుకునేది. అది తిరుగుతుంటే తాతయ్య దాని మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ప్రార్థన మొదలుపెట్టేవాడు. చెప్పులు గుమ్మం బయట విడిచేవాడు. దేవుడితో మాట్లాడేటప్పుడు కాళ్ళకి ఏమీ ఉండకూడదని ఆయన పట్టుదల. ఇక్కడి చలికి ఒప్పుకుని మేజోళ్ళ వరకు దిగివచ్చాడు, అంతే. అవి కూడా అమ్మ ఆసుపత్రి నుంచి తెచ్చిన పసుపు మేజోళ్ళు, రోగులు జారి పడకుండా అడుగున రబ్బరు చుక్కలున్నవి. ఆ చెప్పులు గుమ్మం ముందు ఉన్నంతసేపూ లోపలికి ఎవరూ పోకూడదు. మాసిన బట్టలు ఎంత కుప్ప పడితే అంత పడనీ. డ్రయర్ హోరులో ఆయన గొంతు దూరంగా రైలు పోతున్నట్టు వినబడేది. హఠాత్తుగా డ్రయర్ ఆగిపోతే, ఆ నిశ్శబ్దంలో ఎవరిదో పేరు గట్టిగా బయటికి వచ్చేది. "కొవ్వూరు మరియమ్మ మోకాళ్ళు, తండ్రీ!" అని. నేను మంచంలో సగం నిద్రలో ఆ మరియమ్మ ఎవరా అనుకుంటూ మళ్ళీ నిద్రలోకి జారిపోయేదాన్ని. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది కూడా ఆ గదిలోనే. వెచ్చటి డ్రయర్ మూత మీద సబ్బుపొడి పలచగా పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించేవాడు. ఇవాళ నేను ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆ సబ్బుపొడి చలవే.

భోజనాల దగ్గర ప్రార్థన ఇంకో కథ. పెరట్లో తాతయ్య వేసిన గోంగూర, దాని పక్కన నెయ్యి, పొగలు కక్కే మిరియాల చారు అన్నీ బల్ల మీదికి చేరాక ఆయన కళ్ళు మూసేవాడు. ఇక అక్కడి నుంచి ప్రయాణం. గోదావరి ఊళ్ళ మీదుగా, పోయినవాళ్ళని, ఉన్నవాళ్ళని, పుట్టబోయేవాళ్ళని పలకరించుకుంటూ, నాన్న మిల్లు మీదుగా, అమ్మ వార్డులో మంచం మంచం తిరిగి, చివరికి మా కిటికీ కింద పడుకునే పక్కింటి పిల్లి దాకా వచ్చి ఆగేవాడు. అమ్మ ఒక కన్ను తెరిచి చారు గిన్నె వైపు చూసేది. "చల్లారాక అది చారు కాదు మామయ్యగారూ, కషాయం" అనేది ఆమేన్ కాగానే. "వేడి చేసుకోవచ్చమ్మా. మనుషుల పేర్లు మరిచిపోతే మళ్ళీ వేడి చేసుకోగలమా?" అనేవాడు ఆయన. అమ్మ గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి పోయేది. ఇది రోజూ జరిగేదే.

ఆదివారాలు ఊళ్ళోని తెల్లవాళ్ళ చర్చికి వెళ్ళేవాళ్ళం. మంచివాళ్ళే. చేతులు పట్టుకుని ఊపేవాళ్ళు, మీ దేశంలో ఎండలెక్కువా అని అడిగేవాళ్ళు. కానీ ఆ వెనక వరసలో లాల్చీ మీద శాలువా కప్పుకుని కూర్చున్న ముసలాయన జీవితమంతా ప్రార్థన చేయించిన మనిషని ఎవరికీ తట్టలేదు. అప్పుడప్పుడు అక్కడి పాస్టరు, "ఎవరైనా ప్రార్థన చేస్తారా?" అని అడిగేవాడు. తాతయ్య ఛాతీ పైకి లేచేది, మైకు కోసమన్నట్టు గొంతు సవరించుకునేవాడు. ఈలోగా ముందు వరసలో ఎవరో మొదలుపెట్టేసేవాళ్ళు. ఆ ఛాతీ మెల్లగా కిందికి దిగేది. అమ్మ అది చూసి పెదవి కొరుక్కునేది. ఈ దేశం వచ్చాక ఆయన నలుగురిలో నోరు తెరవలేదన్న బెంగ ఆయనకన్నా అమ్మకే ఎక్కువ.

మా వీధిలోనే మాధవి వాళ్ళుండేవాళ్ళు. వరంగల్ వాళ్ళు. మాధవి వాళ్ళమ్మ వసంత ఆంటీ ఇంట్లో అగరొత్తుల వాసన, మా ఇంట్లో డ్రయర్ వాసన. పిల్లలం రెండు ఇళ్ళలోనూ తిని, రెండు ఇళ్ళలోనూ పడుకునేవాళ్ళం. ఆ ఏడాది మాధవికి లెక్కల పోటీలో బహుమతి వచ్చింది. అలాంటి పిల్లలందరికీ, ఊరి బడులన్నీ నడిపే స్కూల్ బోర్డు తన మీటింగ్‌లో సర్టిఫికెట్లిస్తుంది. ఆ మీటింగ్ ఎప్పుడూ ప్రార్థనతో మొదలవుతుంది, యేసు నామమున ముగుస్తుంది. అందరూ లేచి తలలు వంచారట. మాధవి వంచలేదు. మొండితనం కాదు, ఎందుకు వంచాలో ఆ పిల్లకి తెలియలేదు. వెనక నిలబడ్డ ఒక నీలం గౌను ఆవిడ ప్రేమగానే, నవ్వుతూనే, మాధవి మెడ మీద చెయ్యి వేసి తల కిందికి వంచింది. ప్రార్థన అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. మాధవి సర్టిఫికెట్ తీసుకోకుండా బయటికి వచ్చేసింది. చాలా రోజులు మెడ తుడుచుకుంటూనే ఉండేది.

వసంత ఆంటీ ఊరుకునే మనిషి కాదు. బోర్డు ఆఫీసుకి వెళ్ళి గట్టిగా అడిగొచ్చింది. బోర్డు వాళ్ళు తమ లాయరుని అడిగారు. ఆయనేం చెప్పాడో ఊరంతా తిరిగి మా భోజనాల బల్ల దాకా వచ్చింది. ఈ దేశపు రాజ్యాంగంలో మొదటి సవరణ రెండు మాటలంటుందని నాన్న మాకు విడమర్చి చెప్పాడు. ప్రభుత్వం ఏ మతాన్నీ నెత్తికెత్తుకోకూడదు, ఎవరి మతానికీ అడ్డు పడకూడదు. ఊరి కౌన్సిల్ లాంటి పెద్దవాళ్ళ సభలు ప్రార్థనతో మొదలవడం పాత ఆచారమని కోర్టులు ఒప్పుకున్నాయి. బడి తరఫున పిల్లల చేత ప్రార్థన చేయించకూడదన్నదీ కోర్టులే. మరి స్కూల్ బోర్డు మీటింగ్ ఏ లెక్కలోకి వస్తుంది? కూర్చునేది పెద్దవాళ్ళు, కానీ బహుమతుల కోసం, పాటల కోసం పిల్లల్ని అక్కడికి పిలిచేదీ వాళ్ళే. దాని మీద కోర్టుల మాట ఒక్కటిగా లేదు. అందుకని లాయరు ఒక ఉపాయం చెప్పాడు. వేరే మతాల వాళ్ళని కూడా వంతులవారీగా పిలవండి, రేపు ఎవరైనా దావా వేస్తే అందరికీ చోటిచ్చామని చూపించుకోవచ్చు అని.

బోర్డు చైర్మన్ డన్ గారికి ఊళ్ళో హార్డ్‌వేర్ కొట్టు ఉండేది. మనిషి చెడ్డవాడు కాదు, వెళ్ళేది మాత్రం మాది కాని వేరే చర్చికి. భార్యకి ఒంట్లో బాగాలేకపోతే అమ్మ వార్డులోనే ఉంచారు. రోజూ పొద్దున తెల్ల పంచె, శాలువాతో వీధి చివరిదాకా నడిచే మా తాతయ్యని ఆయన చూసేవాడు. "మీ మామగారు మత గురువు కదా?" అని అమ్మని అడిగాడు. "అవును, జీవితమంతా అదే పని" అంది అమ్మ. ఆ పంచె చూసి డన్ గారు ఏ మతమనుకున్నాడో అమ్మకి తట్టలేదు. అమ్మ చెప్పిన 'అవును' ఏ మతానిదో ఆయనకీ తట్టలేదు. మర్నాడు సాయంత్రం టోపీ చేత్తో పట్టుకుని మా వరండా దాకా వచ్చి, వచ్చే మీటింగ్‌లో ప్రార్థన చేయమని తాతయ్యని అడిగాడు. "మీ భాషలోనైనా సరే, మీకెలా అలవాటైతే అలా" అన్నాడు. లోపలికి రాలేదు. వచ్చుంటే గోడ మీది సిలువ కనబడేది, కథ అక్కడితో ఆగిపోయేది.

ఆ రాత్రి తాతయ్య భోజనం సరిగా చెయ్యలేదు. "ఊరి పెద్ద వచ్చి పిలిచి పీట వేశాడమ్మా" అని రెండుసార్లన్నాడు. అమ్మ ముఖం దీపంలా ఉంది. సభలోకి పంచెతో పోతే చలి, ప్యాంటు కింద చెప్పులు బాగుండవని, నాన్న ఆయన్ని తీసుకెళ్ళి నల్ల తోలు బూట్లు కొన్నాడు. ఆయన పాదం సైజు దొరక్క ఒక సైజు పెద్దవి తెచ్చి, ముక్కుల్లో కాగితం ఉండలు కుక్కారు. వారమంతా బట్టలుతికే గదిలో ఆ బూట్లతో నడక సాధన. ఇంగ్లీషులో ఒక ప్రార్థన సిద్ధం చేసుకున్నాడు, చివర తెలుగులో ఒక వాక్యం. డ్రయర్ ఆగినప్పుడల్లా నాకు దానిలో ముక్కలు వినబడేవి. అంత సంతోషంగా ఉన్న తాతయ్యని నేను మళ్ళీ చూడలేదు.

మీటింగ్‌కి ముందు ఊరి పత్రికలో కార్యక్రమం వేశారు. వసంత ఆంటీ ఆ పేపర్ పట్టుకుని మా వంటింట్లోకి నవ్వుతూ వచ్చింది. "బాపూ, చూసిన్రా? హిందూ ప్రార్థన, చేసేది దేవదానం గారు! మీరెప్పుడు కలిసిన్రు మాలో?" అంది. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తాతయ్య పేపర్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నేను మూడు తరాల క్రైస్తవుణ్ణమ్మా వసంతా" అన్నాడు, ఎవరో కాదన్నట్టు. వసంత ఆంటీ నవ్వు అప్పటికే పోయింది. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"నవ్వులకన్నాగానీ బాపూ, నాకు కడుపు మండుతాంది. మీరు చదివితే ఏమైతదో తెలుసా? మీ దేవుని ప్రార్థన కూడా పెట్టినం, ఇంకేం గావాలె అంటరు మమ్మల్ని. మాధవిని గూడ ఆ రోజే రమ్మన్నరు సర్టిఫికెట్‌కి. ఫోటో దీస్తరంట. దాని మెడ మీద చెయ్యి పెట్టిన సంగతి ఇంకెవ్వరూ ఎత్తరు."

"మీరు అనేది నిజమే వదినా" అంది అమ్మ. ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో చూశాను. "కానీ ఈయన్ని ఇన్నాళ్ళకి ఒక్కరు పిలిచారు. పొరపాటునైనా పిలిచారు కదా! వెళ్ళి యేసు నామంలోనే చేసి వస్తారు. వాళ్ళ ఉపాయం వాళ్ళ నెత్తికే వస్తుంది."

"అప్పుడు మా పిల్ల మళ్ళీ తల వంచి నిలబడాల్నా, శాంతా?"

చారు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. తాతయ్య లేచి, పేపర్ మడిచి వసంత ఆంటీ చేతికిచ్చి, "నన్ను ఆలోచించుకోనీ తల్లీ" అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పెరట్లో గోంగూర దూస్తున్న మాధవి దగ్గరికి నేనూ వెళ్ళాను. ఆయన మా పక్కన మొక్కల మధ్య కూర్చుని తనూ ఆకు దూయడం మొదలుపెట్టాడు. పొద్దు వాలుతోంది. ఎర్రటి కాడలు, పులుపు వాసన, దూరంగా పైన్ చెట్లలో గాలి. కాసేపటికి, "మాధవమ్మా, మెడ ఇంకా నొప్పిగా ఉందా?" అన్నాడు. "నొప్పి ఎప్పుడూ లేదు తాతయ్యా. ఆ చెయ్యి ఉన్నట్టే ఉంటది" అంది మాధవి. తాతయ్య తలూపి, తన చిన్నప్పటి బడి గురించి చెప్పాడు. ఊరవతలి పేట నుంచి ఆ బడికి వెళ్ళేది ఆయనొక్కడే. రోజూ పొద్దున వరసలో నిలబెట్టి సరస్వతీ ప్రార్థన చేయించేవాళ్ళు. ఇంట్లో వాళ్ళమ్మ వేరే దేవుళ్ళకి చేతులు జోడించొద్దని చెప్పింది. బళ్ళో జోడించకపోతే అందరి కళ్ళూ ఆయన చేతుల మీదే. ఏం చెయ్యాలో తెలియక చేతులు జేబుల్లో పెట్టుకుందామంటే, లాగూకి జేబులు కూడా లేవట.

"తెలుగు మేష్టారొకాయన గమనించాడు. పిలిచి గంట కొట్టే సుత్తి నా చేతిలో పెట్టాడు. ఒరే, గంట కొట్టేవాడు గంట దగ్గరే ఉండాలి, ప్రార్థన అయ్యేదాకా అక్కడే ఉండు అన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. నా చేతులకి ఒక పని ఇచ్చాడు. ఆయన మాత్రం వరసలో నిలబడి కళ్ళు మూసుకుని శ్లోకం చదివేవాడు. ఎంత బాగా చదివేవాడో! నాకిప్పటికీ ఆ శ్లోకం వచ్చు." ఆ చివరి మాట గొంతు తగ్గించి అన్నాడు, వాళ్ళమ్మ వింటుందేమో అన్నట్టు.

మీటింగ్ రోజు సాయంత్రం రెండిళ్ళ వాళ్ళమూ కలిసే వెళ్ళాం. తాతయ్య ఏం చెయ్యబోతున్నాడో ఎవరికీ చెప్పలేదు. బయల్దేరే ముందు బట్టలుతికే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఎంతకీ రాడు. అమ్మ భోజనం వడ్డించి కూర్చుంది. మేము చేరేసరికి హాలు నిండిపోయింది. మాధవి, ఇంకొందరు పిల్లలు సర్టిఫికెట్ల కోసం ముందు వరసలో కూర్చున్నారు. తాతయ్యకి మాధవి పక్కన కుర్చీ వేశారు. మేము బాగా వెనక. నీలం గౌను ఆవిడ ఆ రోజు కూడా ముందు వరస వెనకే ఉంది. డన్ గారు తాతయ్య పేరు కూడబలుక్కుని చదివి, మన ఊరి హిందూ సోదరుడు ప్రార్థన చేస్తారన్నాడు. తాతయ్య లేచి మైకు దాకా నడిచాడు. అక్కడ ఆగి, వంగి, బూట్లు విప్పాడు. రెండూ జోడించి పక్కన పెట్టాడు. పసుపు రంగు ఆసుపత్రి మేజోళ్ళతో అంతమంది ముందు నిలబడ్డాడు. హాల్లో గుసగుస పాకింది. హిందువులు అలాగే చేస్తారని మా ముందాయన భార్యకి చెవిలో చెప్పాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తాతయ్య ఇంగ్లీషు మిషనరీల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు, ప్రతి మాటా విడివిడిగా, ఎక్కడికీ తొందర లేనట్టు ఉండేది. ఆయన అన్నది ఇది: "నేను హిందువుని కాను. క్రైస్తవ బోధకుణ్ణి. మీ పొరపాటులో తప్పేం లేదు, నన్నెవరూ అడగలేదు, అంతే. ఇక్కడ ప్రార్థన చేయాలని నాకు చాలా ఆశగా ఉంది. వారం నుంచి సిద్ధపడ్డాను. కానీ ఈ గదిలో పిల్లలున్నారు. మీరు పిలిస్తే వచ్చారు, లేచి వెళ్ళిపోలేరు. అందుకని ఇంటి దగ్గర తలుపు వేసుకుని చేసి వచ్చాను. నా కోడలు పెట్టిన చారు చల్లారేదాకా చేశాను. మీ అందరినీ తలుచుకున్నాను. తల వంచడమనేది ఎవరికి వాళ్ళు చేసుకునే పని, దానికి ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు. ఇక మీ పని మొదలుపెట్టండి, ఆలస్యమవుతోంది."

అని వచ్చి మాధవి పక్కన కూర్చున్నాడు. బూట్లు అక్కడే మరిచిపోయాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. వెనకెవరో దగ్గారు. డన్ గారు కాగితాలు అటూ ఇటూ సర్ది, సర్టిఫికెట్ల దగ్గర మొదలుపెట్టాడు. మాధవి తలెత్తుకుని వెళ్ళి తనది తెచ్చుకుంది. ఆ తర్వాత బస్సు రూట్లు, వంటగది మరమ్మతులు, ఫుట్‌బాల్ మైదానానికి దీపాలు. మాట్లాడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ ఖాళీ బూట్ల పక్కనే నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. ఒకాయన కాలు తగలకుండా పక్కకి జరిగి నిలబడ్డాడు కూడా. మీటింగ్ అయ్యాక డన్ గారే ఆ బూట్లు చేత్తో పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. "మీరివి మరిచిపోయారు, రెవరెండ్" అన్నాడు. ఈ దేశంలో తాతయ్యని, పాస్టర్లని గౌరవంగా పిలిచే ఆ మాటతో పిలవడం అదే మొదలు. తాతయ్య బూట్లు తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. పసుపు మేజోళ్ళతోనే కారు దాకా నడిచాడు.

లోకం అక్కడితో మారిపోయిందని రాయాలని నాకూ ఉంది, కానీ మారలేదు. తర్వాతి నెల మళ్ళీ ప్రార్థన జరిగింది. చాలా కాలానికి, ఇంకెక్కడో ఎవరో గెలిచిన దావాకి జడిసి, మౌనంగా నిలబడటంతో సరిపెట్టుకున్నారు. తాతయ్యని మళ్ళీ ఎవరూ పిలవలేదు. వారమంతా సాధన చేసిన ఆ ఇంగ్లీషు ప్రార్థన ఎవరూ వినకుండానే ఆయనతో పోయింది. అమ్మకి ఇప్పటికీ అది మింగుడు పడదు. "ఒక్కసారి చేసుంటే ఏం పోయేది?" అంటుంది, బూట్ల పెట్టె వంక చూస్తూ. ఏం పోయేదో ఆమెకి తెలుసు. తెలిసినా బాధ బాధే.

మాధవి శనివారం వచ్చింది. వంటింటి బల్ల మీద బూట్లు చూసి, కుర్చీలో కూర్చుని, ఒక బూటు ఒళ్ళో పెట్టుకుంది. టీ చల్లారిపోతున్నా ముట్టలేదు. "నీకొక మాట ఎప్పుడూ చెప్పలేదు కరుణా. ఆ రోజు తాతయ్య నా పక్కన కూర్చున్నడు కదా. కళ్ళు మూసుకుంటే నిద్రపోతున్నడు అనుకున్న. చూస్తే లిప్స్ కదులుతున్నయ్. వాళ్ళు బస్ రూట్స్ మాట్లాడుతుంటే, ఫుట్‌బాల్ లైట్లు మాట్లాడుతుంటే, మీటింగ్ అయ్యేదాకా కదులుతనే ఉన్నయ్. నేను మెల్లగ వంగి విన్న. పేర్లు! డన్ గారి పేరు. వాళ్ళ వైఫ్‌ది. నా మెడ మీద చెయ్యి పెట్టినామె పేరు తెల్వదు కదా, నీలం గౌను తల్లి అన్నడు. ఆ తర్వాత నా పేరు."

ఇంటి దగ్గర చేసి వచ్చానన్నాడే! అమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది, భుజాలు కదులుతున్నాయి. "నీకు కోపం రాలేదా?" అని అడిగాను చివరికి.

"ఎందుకొస్తది? నా తల ఎవరూ ముట్టలేదు కదా" అంది మాధవి.

ఇప్పుడు మాధవి వాళ్ళ కౌంటీ బోర్డు మీటింగ్‌లో వంతు కోసం గుడి వాళ్ళు, మసీదు వాళ్ళు, మన తెలుగు చర్చిల వాళ్ళు అందరూ వరసలో ఉన్నారు. మా తాతయ్య ఏ దేవుడి మనిషో అడగాలని కూడా తోచని రోజులు పోయాయి. నాకు సంతోషంగానే ఉంది. అప్పుడు తలుపు అవతల ఉన్నవాళ్ళం ఇప్పుడు లోపలున్నాం. కానీ మాధవి కూతురు ఇష ఒకటే ప్రశ్న వేసిందట. దాని స్నేహితురాలొకతె వాళ్ళింట్లో ఏ దేవుణ్ణీ నమ్మరు. ఆ పిల్ల వయొలిన్ వాయించడానికి అదే మీటింగ్‌కి వస్తోంది. "అమ్మా, నువ్వు శ్లోకం చదివితే తను ఏం చెయ్యాలి? షుడ్ షీ స్టాండ్?" అందట. మాధవి గుడి కమిటీకి ఫోన్ చేసి తను చెయ్యనంది. ఇన్నేళ్ళకి పిలిస్తే కాదంటావా అని కమిటీ పెద్దాయన నొచ్చుకున్నాడు. ఆయన నొప్పి నాకు తెలియనిది కాదు, అమ్మ ముఖంలో రోజూ చూస్తున్నదే.

ఆ నెల వంతు ఒక చర్చి పాస్టరుకి పోయింది. అయినా వెళ్ళాం, ఇష స్నేహితురాలి వయొలిన్ వినడానికి. మాధవి నాకూ ఇషకీ మధ్యలో కూర్చుంది. పాస్టరు ప్రార్థన యేసు నామంలో ముగించాడు. అది నా దేవుడి పేరే. ఆమేన్ నా గొంతు దాకా వచ్చింది, లోపలే అనుకున్నాను. వయొలిన్ పిల్ల ముందు వరసలో తలెత్తి, వయొలిన్ పెట్టెని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. దాని చేతులకి ఒక పని ఉంది కదా అనుకున్నాను. కూర్చున్నాక చూసుకుంటే, నాకు తెలియకుండానే కుర్చీ కింద చెప్పులు విడిచేసి ఉన్నాను.

వయొలిన్ అయిపోయింది. బస్సు రూట్ల మీద చర్చ మొదలైంది, ఏళ్ళు గడిచినా ఆ బస్సు రూట్లు తెమలవు. పక్కకి చూస్తే మాధవి పెదవులు కదులుతున్నాయి. ఎవరి పేర్లు చెబుతోందో వినడానికి నేను వంగలేదు.